లేపడానికైతే కనిపిస్తారు

ఈ దేశంలో ఇల్లు లేనివాడికీ ఓటుంది. ఎన్నికల సంఘం ఆ సంగతి శుభ్రంగా రాసిపెట్టింది. ఫుట్‌పాత్ మీద పడుకునే మనిషి ఫారం-6 నింపి, తాను పడుకునే చోటేదో రాసిస్తే చాలు. బూత్ లెవెల్ అధికారి రాత్రిపూట అక్కడికి వెళ్లాలి. ఆ మనిషి నిజంగానే అక్కడ పడుకుంటున్నాడా లేదా చూడాలి. ఒక్క రాత్రి చూసి సరిపెట్టకూడదు, మళ్లీ ఇంకో రాత్రి కూడా వెళ్లాలి. ఉంటున్నాడని తేలితే నివాసం రుజువు కింద ఏ కాగితమూ అడగకూడదు.

చేతులెత్తి దండం పెట్టాల్సిన నిబంధన. నా కడుపుమంటల్లా ఒక్కటే. ఓటు కోసం అర్ధరాత్రి ఫుట్‌పాత్ దాకా నడిచిరావడం సాధ్యమేనని కాగితం మీద ఒప్పుకున్న ఈ వ్యవస్థ, బియ్యం కార్డు కోసం ఎందుకు రాదు? పింఛను కోసం ఎందుకు రాదు? వానాకాలంలో తలమీద ఒక రేకు కోసం, మే నెలలో ఒక కుండ నీళ్ల కోసం ఎందుకు రాదు? అదే మనిషి మీసేవకు వెళ్తే మొదటి ప్రశ్న "అడ్రస్ ఏది?" రెండో ప్రశ్న ఉండదు. అతను వెనక్కి తిరిగేస్తాడు, వెనకున్న మనిషి ముందుకొస్తాడు, క్యూ సాగిపోతుంది.

సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల రాత్రిళ్లు తిరిగే కుర్రాళ్లు కొందరున్నారు. ఆధార్ పోయినవాళ్లకు మళ్లీ తీయించడం, జబ్బు పడ్డవాళ్లను ఆసుపత్రికి చేర్చడం, పింఛను దరఖాస్తులు రాయడం వాళ్ల పని. అప్పుడప్పుడు నేనూ వాళ్ల వెంట వెళ్తుంటాను. అక్కడ నారాయణపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నాడు. ఇరవై ఏళ్ల కింద సెంట్రింగ్ పనికి వచ్చి, నడుం పడిపోయాక ఇటు స్టేషన్ దారి పట్టినవాడు. ఆయన సంచీ ఒక రాత్రి పోయింది. అందులో ఆధార్ కార్డు, రెండు చొక్కాలు, కూతురి ఫోన్ నంబరు రాసుకున్న చీటీ. పోలీసు స్టేషన్‌కు వెళ్తే సంచీ పోతే కూడా కేసా అని నవ్వారట. మా కుర్రాడొకడు, తాతా, ముందు ఓటరు కార్డుకు రాద్దాం, అది తేలిగ్గా వస్తుంది అన్నాడు. ఆయన నింపాదిగా చూసి, "ఓటు కార్డు వస్తె ఏం జేస్కోవాలె బిడ్డా? నమిల్తే కడుపు నిండుతదా?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. ఏ ప్రభుత్వం దగ్గరా లేదు.

వీళ్లు ఎవరికీ కనబడరని జాలిగా రాస్తుంటారు పత్రికల్లో. శుద్ధ అబద్ధం. బాగా కనబడతారు. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైదరాబాద్ వచ్చినప్పుడు కనబడ్డారు. ఆయన కారు వెళ్లే దారుల్లో బిచ్చగాళ్లు లేకుండా చేశారు. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ఇవాంకా ట్రంప్ వచ్చినప్పుడు మళ్లీ కనబడ్డారు. నగరంలో అడుక్కోవడాన్ని 144 సెక్షన్ కింద నిషేధిస్తూ నవంబరు 8 నుంచి జనవరి 7 దాకా పోలీసు ఉత్తర్వు వచ్చింది. మనుషుల్ని వాహనాల్లో ఎక్కించి చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. ఆ తరువాత బిచ్చగాడి ఆచూకీ చెబితే 500 రూపాయల బహుమతి అని జైళ్ల శాఖ ప్రకటించింది. ఎంత చురుకుదనం! ఎన్ని వాహనాలు, ఎంతమంది సిబ్బంది, ఎంత చక్కటి సమన్వయం! కూడలి కూడలికీ వెతికి, వంతెన వంతెన కిందకీ వంగి చూశారు. ఒక్కరినీ వదల్లేదు. ఇన్నేళ్లుగా వీళ్లకు గుర్తింపు కార్డులిచ్చేందుకు సిబ్బంది లేరని, సర్వే చేసేందుకు బడ్జెట్ లేదని చెబుతూ వచ్చిన యంత్రాంగమే ఇది. అతిథి వస్తున్నాడనేసరికి దానికి కళ్లూ వచ్చాయి, కాళ్లూ వచ్చాయి.

ఇది మన ఒక్క ఊరి జబ్బు కాదు. 2021 జనవరిలో ఇండోర్ మున్సిపల్ సిబ్బంది వృద్ధులైన నిరాశ్రయుల్ని ట్రక్కులో ఎక్కించుకెళ్లి ఊరి బయట హైవే పక్కన దింపేశారు. చలికాలం. అక్కడి గ్రామస్తులు అడ్డం తిరిగి వీడియో తీశారు కాబట్టి మళ్లీ ఎక్కించుకున్నారు, సస్పెన్షన్లు జరిగాయి. దేశంలో అతి శుభ్రమైన నగరంగా ఏటేటా మొదటి ర్యాంకు కొడుతూ వచ్చిన ఊరు అది. మన మేయర్లు, కమిషనర్లు ఇండోర్ వెళ్లి చెత్త వేరుచేసే పద్ధతులు చూసి వస్తుంటారు. మనుషుల్ని చెత్త కింద లెక్కవేసిన ఈ సంగతి వాళ్ల అధ్యయన నివేదికల్లో ఉందో లేదో చూడాలని నాకు భలే కుతూహలం.

ఇవి వార్తలకెక్కినవి. వార్తకెక్కనిది రోజూ జరుగుతుంది. దుకాణం మూసే వేళ యజమాని మెట్ల మీద రెండు బకెట్ల నీళ్లు గుమ్మరించి వెళ్తాడు, ఎవరూ పడుకోకుండా. బస్టాపు బెంచీకి మధ్యలో ఇనుప కడ్డీ బిగిస్తారు. కూర్చోవచ్చు, నడుం వాల్చకూడదు. ఫ్లైఓవర్ కింద నీడ ఉన్న చోటల్లా కంచె వేసి, నాలుగు మొక్కలు నాటి, సుందరీకరణ అని బోర్డు పెడతారు. రాత్రి గస్తీ జీపు ఆగుతుంది, లాఠీతో అరికాలి మీద ఒక్కటి తగిలిస్తారు. లేచినవాడు వంద గజాలు నడిచి ఇంకో మూల పడుకుంటాడు. తెల్లారకముందే చీపురు వస్తుంది. మొత్తం మీద ఒక మనిషి నిద్ర మూడు గంటలు, అదీ ముక్కలు ముక్కలుగా. ఇలా ఏడాది పాటు నిద్రలేనివాడికి మతి చలిస్తే, పిచ్చోడని పేరు పెట్టి పక్కకు తప్పుకుంటాం. కప్పుకోవడానికి వాళ్లకు దొరికే గట్టి సరుకు ఫ్లెక్సీ ఒక్కటే. పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీ, పార్టీలో చేరిక ఫ్లెక్సీ. వానకు తడవదు, చలిని కాస్త ఆపుతుంది. నాయకులు ఈ ప్రజలకు చేసిన ఏకైక మేలు అదేనేమో, అదీ తెలియక చేసింది.

పోనీ చట్టం ఏమీ చెప్పలేదా? బోలెడు చెప్పింది. బతుకుతెరువు హక్కు జీవించే హక్కులో భాగమని 1985లోనే ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు అంది. అది బొంబాయి ఫుట్‌పాత్ మనుషుల కేసు. వాళ్లను ఖాళీ చేయించవచ్చని కూడా అదే తీర్పులో అంది, కాకపోతే ముందు నోటీసు ఇమ్మంది. 2009 డిసెంబరులో, వణికించే చలిలో, ఢిల్లీలో ఒక రాత్రి ఆశ్రయాన్ని కూల్చేశారు. దాని మీద ఆహార హక్కు కేసులో కోర్టు నియమించిన కమిషనర్లు లేఖ రాస్తే, 2010లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ పట్టుకుంది. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక ఆశ్రయం ఉండాలి, అది ఏడాది పొడుగునా, రోజుకు 24 గంటలూ తెరిచి ఉండాలి అని చెప్పింది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ ఆ లెక్కనే పథకంలో రాసుకుంది. మంచినీళ్లు, మరుగుదొడ్లు, వంటిల్లు, పడకలు, అన్నిటికీ కేంద్రం నుంచి నిధులు. 2016లో కోర్టే మళ్లీ తలపట్టుకుంది. డబ్బు విడుదలైంది సరే, ఆశ్రయాలేవి అని. ఎక్కడెక్కడ ఏముందో వెళ్లి చూడమని జస్టిస్ కైలాశ్ గంభీర్ అధ్యక్షతన కమిటీ వేసింది.

గ్రేటర్ హైదరాబాద్ జనాభా 2011 లెక్కల్లోనే 67 లక్షలు దాటింది. లక్షకొకటి చొప్పున 67 ఆశ్రయాలు ఉండాలి. అందులో సగం కూడా లేవు. ఉన్నవాటిలో కొన్నింటిని స్వచ్ఛంద సంస్థలు ప్రాణం పెట్టి నడుపుతున్నాయి, ఆ మాట చెప్పకపోతే పాపం. పెద్దాసుపత్రుల దగ్గర రోగుల బంధువుల కోసం కట్టినవి నిజంగా పనికొస్తున్నాయి. మిగతా చోట్ల? మొగుడూ పెళ్లాం ఒకచోట ఉండే వీలు లేదు. రాత్రి మార్కెట్లో బస్తాలు మోసి పొద్దున పడుకోవాల్సిన హమాలీకి పొద్దున తలుపు వేసి ఉంటుంది. పనిచోటుకు ఆరు కిలోమీటర్ల దూరంలో పడక ఉంటే, రానూ పోనూ ఆటో చార్జీ ఎవరిస్తారు? ఇవేవీ అడగకుండా, "మేం కట్టినా వాళ్లు రారండీ, వాళ్లకు రోడ్డే ఇష్టం" అని ఒక అధికారి టీ తాగుతూ అన్నాడు. రోడ్డు ఇష్టమైన మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఆ అధికారిని ఏమని ఏం లాభం? 2025 ఫిబ్రవరి 12న ఇదే నిరాశ్రయుల కేసు విచారణలో సుప్రీంకోర్టు ధర్మాసనం ఏం వ్యాఖ్యానించిందో పత్రికల్లో వచ్చింది. ఉచితాల వల్ల జనం పనిచేయడానికి ఇష్టపడటం లేదట. వీళ్లను ప్రధాన స్రవంతిలో కలపకుండా పరాన్నజీవుల వర్గాన్ని తయారుచేస్తున్నామా అని అడిగారు. పట్టణ పేదరిక నిర్మూలన పథకం ఎప్పుడు తెస్తారో చెప్పమని అదే విచారణలో కేంద్రాన్ని నిలదీసిందీ వాళ్లే, కాదనను. కోర్టు మీద గౌరవం ఉంచుకునే అడుగుతున్నాను. 2010లో లక్షకో ఆశ్రయం కట్టమని చెప్పిన న్యాయస్థానం నోట, పదిహేనేళ్ల తరువాత, కట్టని ప్రభుత్వాలకు రావాల్సిన మాట నిలువనీడ లేనివాడి నెత్తిన ఎందుకు పడింది? ఉచితం అంటున్నారు. ఫుట్‌పాత్ మీద పడుకునేవాడికి ఏ ఉచితం అందుతోంది? బియ్యం రావాలంటే కార్డు కావాలి. ఆరోగ్యశ్రీకీ అదే గొడవ. ఇంటి స్థలానికి ఊళ్లో పేరుండాలి. ఎన్నికల ముందు పంచే పథకాల్లో ఒక్కటి చూపించండి, చిరునామా లేకుండా వచ్చేది.

పని చేయరన్న మాట దగ్గర కాస్త ఆగాలి. నిద్రపోయే మనిషిని చూసి సోమరి అనడం మనకు అలవాటైపోయింది. అతను పగలంతా ఎక్కడున్నాడో మనకు తెలియదు మరి. చిత్తు కాగితాలు, ప్లాస్టిక్ ఏరి నగరం చెత్తలో సగం పని ఊరికే చేసిపెట్టేది వీళ్లే. అడ్డా మీద పొద్దున ఆరింటికి నిలబడి, మేస్త్రీ పిలిస్తే వెళ్లి, పిలవకపోతే పస్తుండేదీ వీళ్లే. మోండా మార్కెట్లో, బేగంబజార్‌లో బస్తాలెత్తేదీ వీళ్లే. పెళ్లిళ్ల సీజన్లో కేటరింగ్ కాంట్రాక్టర్లు స్టేషన్ల దగ్గరికి వ్యాను పంపి మనుషుల్ని ఎక్కించుకుంటారు. యూనిఫాం, టోపీ, చేతికి గ్లవుజులు వాళ్లే ఇస్తారు. మీ ఇంటి పెళ్లిలో "ఇంకో పూర్ణం వేసుకోండి సార్" అని బతిమాలిన కుర్రాడు, అర్ధరాత్రి రెండింటి దాకా గిన్నెలు తోమి, యూనిఫాం విప్పి ఇచ్చేసి, మూడొందలో నాలుగొందలో జేబులో పెట్టుకుని నడిచి వచ్చి ఏ షట్టరు ముందు పడుకుంటాడో మీకు తెలియదు. తెల్లారి ఆఫీసుకు వెళ్తూ ఆ షట్టరు ముందు అతన్ని మీరే చూస్తారు. ఎండ పొడొచ్చినా లేవడం లేదు చూడు, తాగి పడిపోయి ఉంటాడు అని పక్కసీటాయనతో అంటారు.

తాగరా? తాగుతారు కొందరు. అర్ధరాత్రి దోమలకు, చలికి, భయానికి తట్టుకోలేక తాగేవాళ్లను నేను చూశాను. మద్యం మీద వచ్చే ఆదాయంతో బడ్జెట్లు నిలబెట్టుకునే రాష్ట్రాల్లో ఈ నీతి పాఠం వీళ్లొక్కరికే ఎందుకు చెబుతారో!

2015 మే నెల గుర్తుందా? ఆ వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు చనిపోయినవాళ్లు అధికారిక లెక్కల్లోనే వెయ్యి దాటారు. ఎండలో పనిచేసే కూలీలు, ముసలివాళ్లు, నీడ లేనివాళ్లే ఎక్కువగా పోయారు. మధ్యాహ్నం పూట బయటికి రావద్దని ప్రభుత్వం టీవీల్లో హెచ్చరించింది. బయటే ఉండేవాడు ఎక్కడికి పోవాలో ఆ హెచ్చరికలో లేదు.

ఆసుపత్రి సంగతి చెప్పకుండా ముగించలేను. ఒక ముసలాయనకు కాలి పుండు ముదిరి పురుగులు పట్టాయి. మా కుర్రాళ్లు 108కి ఫోన్ చేస్తే బండి వచ్చింది. ఆ బండిలో వచ్చినతను ముక్కు మూసుకోలేదు, విసుక్కోలేదు, కాలికి తానే గుడ్డ చుట్టాడు. అలాంటివాళ్లున్నారు కాబట్టే ఇంకా ఏదో నడుస్తోంది. ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాం. కాజువాలిటీలో కుర్ర డాక్టరు చీటీ రాస్తూ, "అటెండెంట్ ఎవరు?" అన్నాడు.

"మేమే తీసుకొచ్చాం సార్."

"మీరు ఆయనకేమవుతారు?"

"ఏమీ కాం."

"మరి రాత్రికి ఎవరుంటారు? రేపు ఎక్స్‌రేకి ఎవరు తీసుకెళ్తారు? ఆపరేషన్ అంటే సంతకం ఎవరు పెడతారు?"

ఆ డాక్టరు దుర్మార్గుడు కాదు. అతని వెనక నలభై మంది నిలబడి ఉన్నారు. వార్డులో స్ట్రెచర్ తోసే మనిషి లేడు. మందుల చీటీ పట్టుకుని పరుగెత్తేది, సెలైన్ అయిపోతే సిస్టరును పిలిచేది, బెడ్‌పాన్ తీసేది అంతా రోగి బంధువే. మన ప్రభుత్వాసుపత్రులు సగం నడుస్తున్నది కొడుకుల మీదా, కోడళ్ల మీదా, చెల్లెళ్ల మీదా. ఆ కొడుకే లేనివాడు రోగిగా కూడా పనికిరాడు. అదీ అసలు దారుణం. మేం వాదిస్తుంటే, స్ట్రెచర్ మీది ముసలాయన మా కుర్రాడి చెయ్యి పట్టుకుని, "పోనీ తియ్ బిడ్డా, లొల్లి వద్దు. నన్ను మళ్ల ఆడనే దింపుండ్రి" అన్నాడు. చివరికి సంతకం పెట్టాం, వంతులు వేసుకుని పక్కన కూర్చున్నాం, కాలు దక్కింది. మేం వెళ్లని వీధుల్లో ఎన్ని కాళ్లు పోయాయో!

మతి చలించినవాళ్ల విషయంలో చట్టం ఇంకా స్పష్టం. 2017 మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టం 100వ సెక్షన్ చదవండి. మానసిక జబ్బుతో, తన బాగోగులు తాను చూసుకోలేక తిరిగే మనిషి కనిపిస్తే రక్షణలోకి తీసుకోవడం స్టేషన్ హౌస్ ఆఫీసరు విధి. 24 గంటల్లోగా దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేయించాలి. ఇల్లూ వాకిలీ లేని మనిషైతే తప్పిపోయినట్టు ఎఫ్‌ఐఆర్ రాసి, కుటుంబాన్ని వెతకాలి. అట్టకట్టిన జుట్టుతో కూడలిలో తనలో తాను మాట్లాడుకుంటూ నిలబడ్డ మనిషిని మీరెన్నిసార్లు చూసి ఉంటారు? ఆ కూడలిలోనే ట్రాఫిక్ పోలీసు ఉంటాడు, గస్తీ జీపు ఆగుతుంది. వాళ్లకు ఆ సెక్షన్ ఎవరైనా చెప్పారా? నేను అడిగిన ఒక ఎస్సై, "అట్ల తీస్కపోతే ఎర్రగడ్డ పిచ్చి దవాఖానల జాగ యాడుంటది సార్?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. అడగాల్సింది నన్ను కాదు.

రోడ్డున పడ్డ ఆడవాళ్లు రాత్రి నిద్రపోరు. ఆసుపత్రి వరండాల్లో ఎవరో రోగి తాలూకు మనిషిలా కూర్చుంటారు, గుడి మెట్ల మీద జపం చేస్తున్నట్టు కూర్చుంటారు. పగలు జనం మధ్య కునుకు తీస్తారు. డబ్బులిచ్చి వెళ్లే మరుగుదొడ్డికి రోజుకు నాలుగైదుసార్లు వెళ్లే స్తోమత లేక నీళ్లు తాగడం మానుకుంటారు. మూత్రంలో మంట, జ్వరం. ఒకామె, "నీళ్లు తాగితే పైసలైతయమ్మా" అని మా వాలంటీరు అమ్మాయితో అంది. ఇంతకంటే ఈ పేరా పొడిగించే శక్తి నాకు లేదు.

ఇక దానధర్మాల గురించి ఒక మాట, కోపం వచ్చేవాళ్లకు రానీ. ఆదివారం సాయంత్రం స్టేషన్ ముందు అయిదు కార్లు ఆగుతాయి, అయిదు రకాల బిర్యానీ పొట్లాలు దిగుతాయి. మంగళవారం ఒక్కటీ రాదు. డిసెంబరులో ఒక్కొక్కరికి మూడు దుప్పట్లు వస్తాయి. ఫొటో తీసుకున్నాక, "మళ్లీ అమ్ముకుంటారేమో వీళ్లు" అని గొణుక్కుంటూ కారెక్కుతారు. అమ్ముకోక? పగలు ఆ దుప్పటి ఎక్కడ పెట్టాలి? నెత్తిన పెట్టుకుని అడ్డా మీద నిలబడితే మేస్త్రీ పనికి పిలుస్తాడా? చెట్టుకొమ్మకు తగిలిస్తే మున్సిపాలిటీ బండి ఎత్తుకుపోతుంది. తాళం వేసుకునే ఒక చిన్న పెట్టె దొరికితే ఒక మనిషి జీవితం ఎంత మారుతుందో ఊహించలేనివాళ్లే వంద దుప్పట్లు పంచగలరు. పెట్టడం మానమని నేను అనడం లేదు. ఆకలైనవాడికి పొట్లం పొట్లమే. కానీ ఆ పొట్లం ఇచ్చిన చేత్తోనే మీ కాలనీ సంఘం లెటర్‌హెడ్ మీద "మా వీధిలో రాత్రి ఆశ్రయం పెట్టవద్దు, ఆస్తుల విలువ పడిపోతుంది" అని సంతకం పెట్టకండి. ఒక్కో ఆశ్రయానికి భవనం దొరికి, నిధులు దొరికి, చివరికి పని ఆ సంతకాల దగ్గరే ఆగిపోతుంది.

ప్రభుత్వం తలచుకుంటే కాదా? అవుతుంది. 2014లో హైదరాబాద్‌లో అయిదు రూపాయల భోజనం మొదలైంది. ప్రభుత్వాలు మారాయి, 2025లో దాని పేరూ మారింది, భోజనం మిగిలింది. సంతోషం. ఆంధ్రప్రదేశ్‌లో 2018 జులైలో పెట్టిన అన్న క్యాంటీన్లు మాత్రం 2019లో ప్రభుత్వం మారగానే మూతపడ్డాయి. 2024 ఆగస్టులో, ప్రభుత్వం మళ్లీ మారాక తెరుచుకున్నాయి. మధ్యలో అయిదేళ్లు. అయిదు రూపాయలకు కడుపు నింపుకునే రిక్షావాడికి ఆ అన్నం ఏ పార్టీదో ఏం పని? కట్టిన గది ఉంది, గ్యాస్ కనెక్షన్ ఉంది, తినేవాడు ఉన్నాడు. బోర్డు మీద పేరు నచ్చక తాళం పడింది. మూసినవాళ్లకు ఏ శిక్షా లేదు. తెరిచినవాళ్లు దాన్ని పండగలా చేశారు, అదేదో తమ జేబులోంచి పెట్టినట్టు.

వీటన్నిటికీ వెనక ఉన్న సంగతి ఒకటుంది. లెక్క. 2011 జనగణన ప్రకారం దేశంలో ఇళ్లు లేనివాళ్లు 17 లక్షల 73 వేలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్షా 45 వేలు. ఆ లెక్క ఎలా తీశారు? ఫిబ్రవరి 28న, ఒక్క రాత్రి. ఆ రాత్రి మార్కెట్లో బస్తాలు మోస్తున్నవాడు, కేటరింగ్‌కు వెళ్లినవాడు, గస్తీ జీపు తరిమితే ఇంకో పేటకు పోయినవాడు, ఆసుపత్రి వరండాలో రోగి బంధువులా కూర్చున్న ఆడమనిషి, ఎవరు లెక్కలోకి వచ్చి ఉంటారు? ఆ తరువాత 2021లో జరగాల్సిన జనగణనే జరగలేదు. కరోనా వచ్చి ఎంతమంది బతుకులు రోడ్డున పడ్డాయో తెలిసే దారి లేకుండా పోయింది. పథకాలన్నీ ఆ పాత అంకె మీదే నడుస్తున్నాయి. తక్కువ మంది ఉన్నారు కాబట్టి తక్కువ పడకలు, తక్కువ నిధులు. లెక్కించకపోవడం కూడా ఖాళీ చేయించడమే, ఖర్చు లేకుండా.

రాబోయే జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. పాత పద్ధతే పాటిస్తే ఇళ్లు లేనివాళ్లను లెక్కించేది దానికి ముందు రాత్రి. కాబట్టి చదువుతున్న మీతో రెండే మాటలు. ఈ వారంలోనే మీ మున్సిపల్ కార్యాలయానికి ఒక సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలకు మించదు. మా ఊళ్లో రాత్రి ఆశ్రయాలెన్ని, ఎక్కడెక్కడ, ఒక్కొక్క దాంట్లో పడకలెన్ని, గత మూడేళ్లలో వచ్చిన డబ్బెంత, ఖర్చెంత అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి, చట్టం అది. ఇవ్వకపోతే అప్పీలుకు వెళ్లండి.

రెండోది ఆ రాత్రి సంగతి. మీ పేటలో ఎవరెక్కడ పడుకుంటారో ఎన్యూమరేటరుకు తెలియదు. మీకు తెలుసు, మీ వీధి టీ కొట్టాయనకు ఇంకా బాగా తెలుసు. ముందుగానే చోట్లు రాసి పెట్టుకోండి, జనగణన అధికారికి ఇవ్వండి. ఆ రాత్రి ఎవరినీ లేపి తరమవద్దని పోలీసు స్టేషన్‌లో రాతపూర్వకంగా అడగండి. నలుగురు కలిసి ఎన్యూమరేటరు వెంట నడవండి. షట్టరు ముందు పడుకున్న ఆ కేటరింగ్ కుర్రాడి పేరు, వయసు, ఊరు కాగితం మీదికి ఎక్కేదాకా అక్కడి నుంచి కదలకండి.